రెండు కళ్ల కెమెరా: విశాఖ వెలుతురులో నికాన్ డి780

దుకాణంలో అద్దాల కౌంటర్ మీద కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే రకం కెమెరా) కనిపించగానే ఎవరైనా మొదట చేసే పని దాన్ని ఎత్తి కంటికి ఆనించుకోవడం, ఎదురుగా ఉన్న ఏదో ఒక బోర్డు మీద ఫోకస్ పెట్టి మీట నొక్కడం, ఆ టపటప చప్పుడు విని తల పంకించడం. 2020 జనవరి తొలి వారంలో నికాన్ ప్రకటించిన డి780ని ఇలా పరీక్షించినవారు అయిదేళ్లు దాటిన డి750నే మళ్లీ చూశామనుకుని తిరిగి కౌంటర్ మీద పెట్టేసే అవకాశం ఉంది. అదే కెమెరాను ఛాతీ ఎత్తులో పట్టుకుని, వెనుక తెర చూస్తూ పరీక్షించినవారికి మాత్రం 2018లో వచ్చిన అద్దం లేని జెడ్6 చేతిలో ఉన్నట్టు తోస్తుంది. రెండు అభిప్రాయాలూ నిజమే. ఒకే ఒంట్లో రెండు తరాల కెమెరాలను ఇమిడ్చుకున్న ఈ యంత్రం మీద తొలి అభిప్రాయం దాన్ని ఏ కంటితో, అంటే కంటికి ఆనించుకునే వ్యూఫైండర్‌తోనా వెనుక తెరతోనా, చూశారన్నదాన్ని బట్టి ఏర్పడుతుంది. ఆ రెండు కళ్లలో ఏది ఎక్కడ అక్కరకు వస్తుందన్నది విశాఖపట్నం వంటి ఊళ్లో, అంటే పొద్దున్నే సముద్రపుటొడ్డు ఎండా రాత్రికి కల్యాణ మండపం దీపాలూ ఒకే ఫొటోగ్రాఫర్‌కు ఒకే రోజున ఎదురయ్యే ఊళ్లో, బాగా తేటపడుతుంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగు ముందు ఏటవాలుగా నిలబెట్టిన అద్దానికి తగిలి పైకి మళ్లుతుంది. ఫోకసింగ్ స్క్రీన్ మీద బొమ్మగా ఏర్పడి, పెంటాప్రిజంలో నిటారుగా సరిపడి కంటికి చేరుతుంది. అద్దం కొంత వెలుగును తన గుండా వెనక్కి వదులుతుంది. దాని వెనుక నక్కి ఉన్న చిన్న అద్దం ఆ కాస్త వెలుగునూ కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు దించుతుంది. మీట నొక్కినప్పుడు అద్దాలు రెండూ పైకి లేస్తాయి, షట్టర్ తెరుచుకుంటుంది, అప్పుడు గానీ బొమ్మను పట్టే అసలు సెన్సర్‌కు వెలుగు అందదు. ఫోకస్ సరిపోయిందని చెప్పేది ఒకరు, బొమ్మ పట్టేది మరొకరు అన్నమాట. ఈ ఇద్దరికీ లెన్సు నుంచి ఉండే దూరాల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా కనురెప్ప మీద నిలవాల్సిన ఫోకస్ చెవి మీదకు జారుతుంది. ఒక్కో లెన్సుకూ ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో సర్దుకునే ఏర్పాటు ఇలాంటి కెమెరాల మెనూలో ఉండటానికి కారణం ఇదే.

లైవ్ వ్యూలో, అంటే వెనుక తెర చూస్తూ తీసే పద్ధతిలో, అద్దం పైకి లేచే ఉంటుంది కాబట్టి చూసేదీ, ఫోకస్ చేసేదీ, బొమ్మ పట్టేదీ ఒకే సెన్సర్. అయినా నికాన్ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆ పద్ధతి ఎవరికీ పెద్దగా నచ్చలేదు. బొమ్మలోని గీతలు ఎక్కడ పదునెక్కుతాయో వెతుక్కుంటూ లెన్సు ముందుకు వెనక్కు ఊగిసలాడేది. ఈలోగా పిల్లవాడు ఫ్రేము దాటి వెళ్లిపోయేవాడు. డి780లోని 24.5 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్లు (ఫోకస్ ఎటు, ఎంత జరగాలో నేరుగా చెప్పేవి) పొదిగి ఉండటంతో ఆ ఊగిసలాట తీరింది. కెనాన్ ఇలాంటి ఏర్పాటును 2013లోనే 70డిలో తెచ్చింది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు ఇది డి780తోనే అందింది. ఆలస్యమైనా అతుకు వేసినట్టుగా కాక, జెడ్6లో పనిచేసిన పద్ధతినంతటినీ దాదాపు యథాతథంగా తెచ్చి పెట్టారు.

అంకెల్లో చూస్తే రెండు కళ్ల మధ్య వయసు తేడా ఇంకా తెలుస్తుంది. వ్యూఫైండర్ గుండా చూసినప్పుడు 51 ఫోకస్ బిందువులు, వాటిలో 15 క్రాస్ రకానివి (అడ్డ గీతలనూ నిలువు గీతలనూ పట్టగలిగేవి). ఇది 2007లో డి3తో మొదలైన మల్టీ-క్యామ్ 3500 వంశానికి చెందిన వ్యవస్థ, డి750 నాటికి కొంత పదును పెట్టినది. ఆ బిందువులన్నీ ఫ్రేము నడిమధ్యన గుమిగూడి ఉంటాయి కనుక మనిషిని ఓ అంచున నిలబెట్టాలనుకున్నవారు మధ్యలో ఫోకస్ పట్టుకుని కెమెరాను పక్కకు తిప్పుకోవాలి. తెర మీద చూసినప్పుడు 273 బిందువులు ఫ్రేములో అడ్డంగానూ నిలువుగానూ తొంభై శాతం దాకా పరుచుకుంటాయి. ముఖాన్నీ, ముఖంలో కంటినీ తనంతట తానే పట్టుకునే సదుపాయం కూడా ఉంటుంది. చీకటిలో వ్యూఫైండర్ వ్యవస్థ మైనస్ 3 ఈవీ (వెలుగును కొలిచే మెట్టు, అంకె తగ్గేకొద్దీ చీకటి) దాకా పనిచేస్తుందని నికాన్ చెబుతుండగా, లైవ్ వ్యూకు ఆ హద్దు మైనస్ 5 ఈవీ. రెండు స్టాపుల (అంటే రెండు మెట్ల) తేడా అంటే నాలుగో వంతు వెలుగు చాలునని అర్థం. ఇంత చూశాక కంటికి ఆనించుకునే కిటికీ ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి జవాబు స్పెసిఫికేషన్ల పట్టికలో దొరకదు, ఆర్కే బీచ్‌లో దొరుకుతుంది.

ఉదయం తొమ్మిది దాటాక కాళీమాత గుడి ఎదుట ఇసుకలో నిలబడి ఏ కెమెరా వెనుక తెర చూసినా కనిపించేది ప్రధానంగా చూస్తున్నవారి ముఖమే. డి780 తెర 3.2 అంగుళాలది, దాదాపు 24 లక్షల చుక్కలది. దుకాణంలో ఎంత ముచ్చటగా ఉన్నా, పైనుంచి ఎండా కింద నుంచి ఇసుకా నీరూ కలిసి విసిరే మెరుపు ముందు అది వెలవెలబోతుంది. ప్రకాశాన్ని పెంచుకోవచ్చు గానీ, అలా పెంచిన తెరను చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించుకుంటే ఇంటికి వెళ్లాక ఫొటోలన్నీ అనుకున్న దానికన్నా చీకటిగా తేలతాయి. ఆప్టికల్ వ్యూఫైండర్‌కు ఈ బాధ లేదు. అక్కడ కనిపించేది అసలు సముద్రమే. ఎంత ఎండ ఉంటే బొమ్మ అంత తేటగా ఉంటుంది, ఫ్రేము నూటికి నూరు శాతం కనబడుతుంది, అల విరిగే క్షణానికీ కంటికి అది కనిపించే క్షణానికీ మధ్య ఆలస్యమంటూ ఉండదు. పట్టపగటి విశాఖలో పాత కన్నే గెలుస్తుందనడానికి పెద్దగా తర్కం అవసరం లేదు.

సూర్యోదయం దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. విశాఖ తీరం దాదాపుగా ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కనుక సంక్రాంతి రోజుల్లో సూర్యుడు ఆర్కే బీచ్‌లో నిలబడినవారికి సముద్రం మీదే లేస్తాడు. ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ కైలాసగిరి వైపుకు ఒరుగుతాడు. పెద్ద టెలిఫొటో లెన్సు తగిలించి ఆ ఎర్రని బింబాన్ని ఫ్రేము నిండా నింపాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. ఆప్టికల్ వ్యూఫైండర్‌లో ఉన్నది అద్దాలూ గాజూ మాత్రమే కాబట్టి, లెన్సు పోగుచేసిన సూర్యకాంతి నేరుగా కంటిపాప మీద పడుతుంది. సముద్రపు మంచు తెరలో ఎర్రగా ఉన్నంతసేపూ కంటికి నొప్పి తెలియకపోయినా, బింబం కాస్త పైకెక్కాక ఆ గాజు కిటికీలోంచి చూడటం చూపుకే ముప్పు. ఆ కాసేపూ తెరను ఆశ్రయించడం మేలు. సూర్యోదయ వేళ తెర కూడా బాగానే కనిపిస్తుంది, ముందుకు వంచుకుంటే తడి ఇసుకలో పడే ప్రతిబింబం కోసం మోకాళ్ల మీద కూర్చోవాల్సిన పని తప్పుతుంది. ఆ తెర పైకీ కిందికీ మాత్రమే వంగుతుంది. నిలువు ఫ్రేముకు దాని సాయం లేదు.

అదే ఇసుకలో అదే రోజు మధ్యాహ్నం పెళ్లికి ముందు ఫొటోలు తీసుకునే జంటలు వస్తాయి. వారికి వెనుక అలలు మెత్తగా కలిసిపోయి తాము మాత్రమే పదునుగా ఉండే బొమ్మ కావాలి. అంటే ఎఫ్/1.8 దగ్గర లెన్సు పూర్తిగా తెరవాలి (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఫిల్ము రోజుల నుంచీ వస్తున్న ఎండ సూత్రం ప్రకారం ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే చురుకు) 100 వద్ద ఎఫ్/16కు సెకనులో నూరో వంతు సరిపోతుంది. ఎఫ్/16 నుంచి ఎఫ్/1.8కు వస్తే వెలుగు సుమారు 79 రెట్లు పెరుగుతుంది కాబట్టి షట్టర్ సెకనులో 8,000వ వంతు దగ్గరకు చేరాలి. డి750 షట్టర్ 4,000వ వంతు దగ్గరే ఆగిపోయేది. డి780 8,000 దాకా వెళుతుంది. పెట్టె మీద చూస్తే ఇదొక చిన్న అంకె. విశాఖ బీచ్‌లో పనిచేసేవారికి మాత్రం వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఇంట్లో మరచిపోయిన రోజున పని చెడటానికీ చెడకపోవడానికీ మధ్య తేడా ఇదే. ఇసుక, నురుగు కలిసి ఇంకో స్టాపు వెలుగు ఎక్కువ చేసిన రోజున 8,000 కూడా చాలదు. అప్పుడు ఐఎస్ఓను 50కి సమానమైన మెట్టుకు దించుకోవాలి. దాంతో మబ్బు అంచుల్లోని తెలుపు కొంత ముందుగానే చెదిరిపోతుంది. రెండో కొస గురించి కూడా ఒక మాట: ఎం మోడ్‌లో (అన్నీ చేత్తో నిర్ణయించుకునే పద్ధతిలో) షట్టర్‌ను 900 సెకన్ల దాకా, అంటే పావుగంట సేపు, వేరే రిమోట్ లేకుండానే తెరిచి ఉంచే ఏర్పాటు ఇందులో ఉంది. రాత్రిపూట డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ దీపమూ పొగమంచులా పరుచుకున్న అలలూ ఒకే ఫ్రేములో కావాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. ఆ కొండ మీదా, నౌకాస్థావరం చుట్టుపక్కలా ఫొటోలు తీయకూడని జాగాలు ఉన్నాయి కనుక ట్రైపాడ్ ఎక్కడ నిలబెడుతున్నామో చూసుకోవడం అవసరం.

ఫిషింగ్ హార్బర్ వేరే పరీక్ష పెడుతుంది. తెల్లవారకముందే మరబోట్లు చేరి, చేపల బుట్టలు దిగి, వేలం పాట మొదలయ్యే వేళకు అక్కడ వెలుతురు పల్చగానే ఉంటుంది. గొడుగుల్లా వంగిన మనుషుల మధ్య కెమెరాను కంటికి ఎత్తితే అందరి చూపూ అటే తిరుగుతుంది. తెరను పైకి వంచి, నడుము దగ్గర పట్టుకుని, వేలితో తాకి ఫోకస్ ఇవ్వగలిగితే అమ్మే ఆమె ముఖం మామూలుగానే ఉంటుంది. ఇది కొత్త కన్ను చేసే పని. కాస్త వెలుగు పడ్డాక బోట్ల మీద గద్దలు తిరగడం మొదలవుతుంది. నీటి మీదకు ఏటవాలుగా దిగి చేపను తన్నుకుపోయే గద్దను 70-200 ఎంఎం లెన్సుతో వెంబడించాలంటే, 840 గ్రాముల బాడీకి 1,430 గ్రాముల లెన్సు తోడై రెండుంబావు కిలోలను చేతులు చాచి తెర చూస్తూ పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. కనుబొమకు ఆనిన వ్యూఫైండర్, లెన్సు కింద ఎడమచేయి, పక్కటెముకలకు నొక్కిన మోచేతులు, ఈ మూడు ఊతలూ ఉంటేనే కెమెరా నిలకడగా ఉంటుంది. వ్యూఫైండర్‌తో సెకనుకు ఏడు ఫ్రేములు వస్తాయి. లైవ్ వ్యూలో షట్టర్ చప్పుడు లేకుండా పన్నెండు వస్తాయన్నది ప్రకటనల్లో ఘనంగా కనిపించే అంకె గానీ, గద్ద విషయంలో అది కాగితం మీది బలమే.

కానీ ఈ కెమెరాను విశాఖలో ఎక్కువగా కొనేవారు గద్దల కోసం కొనరు, పెళ్లిళ్ల కోసం కొంటారు. అందుచేత కల్యాణ మండపం దగ్గర కొంచెం నిదానించడం సబబు.

తెలుగు పెళ్లిలో రెండోసారి జరగని క్షణం జీలకర్ర-బెల్లం. అడ్డుతెర పట్టుకుని ఉంటారు, వధూవరుల చేతులు ఒకరి తల మీదకు ఒకరివి చేరతాయి, గట్టిమేళం మోగుతుంది, సరిగ్గా అప్పుడే నలుగురు చుట్టాలు సెల్‌ఫోన్లతో ముందుకు వస్తారు. అక్కడ వ్యూఫైండర్‌లో కంటిని ఇరికించుకుని నిలబడినవారికి చుట్టాల వీపులే దక్కుతాయి. కెమెరాను రెండు చేతులతో తల మీదికి ఎత్తి, తెరను కిందికి వంచి చూస్తూ, పెళ్లికూతురి కంటిని పట్టుకునే పని కెమెరాకే వదిలేయగల సౌకర్యం డి750కు లేదు, దీనికి ఉంది. ముఖాలు వాలి, తలలు వంగి ఉన్న ఆ ఫ్రేములో ఫోకస్ ముక్కు మీద కాక కనురెప్ప మీద నిలవడం ఎఫ్/1.8 దగ్గర తేలికైన సంగతి కాదు. ఫోకస్‌నూ బొమ్మనూ ఒకే సెన్సర్ చూసుకుంటుంది కనుక ఇక్కడ లెన్సుల వారీ సర్దుబాటు తలనొప్పి కూడా లేదు. తలంబ్రాల దగ్గర మాత్రం మళ్లీ పాత కన్నే హాయి. బియ్యం ఎగిరే వేగానికి, వెనక్కి వాలే తలలకు, నవ్వులకు, ఆలస్యం లేని చూపు కావాలి.

చప్పుడు లేని షట్టర్ మీద దుకాణంలో కలిగే ముచ్చట ఈ మండపంలో నిలవదు. గట్టిమేళం మోగుతుండగా అద్దం చప్పుడు ఎవరికీ వినపడదన్నది ఒక సంగతి. అసలు సమస్య వేరే ఉంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ మొత్తం ఒకేసారి చదవబడదు, పై వరుస నుంచి కింది వరుసకు ఒకదాని తర్వాత ఒకటిగా చదవబడుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు నూరుసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకు వరుసల చదువులో నల్లని అడ్డచారలుగా పట్టుచీర మీద పరుచుకుంటుంది. వేదిక వెనుక పెట్టే ఎల్‌ఈడీ తెరలకు తమదైన లయ ఉంటుంది కాబట్టి అవి ఇంకా మొండివి. తిరుగుతున్న స్టాండు ఫ్యాను రెక్కలు అరటిపళ్లలా వంగిపోతాయి. పైగా ఈ పద్ధతిలో ఫ్లాష్ వెలగదు. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో దించితే మామూలు దీపాల చారలు చాలావరకు తగ్గుతాయి గానీ, కదిలే చేతులు అలికేసినట్టు వస్తాయి. చప్పుడు లేని షట్టర్‌కు విశాఖలో తగిన చోటు కళాభారతి వంటి సంగీత సభ. అక్కడ ఆలాపన మధ్యలో అద్దం టపటప వినపడితే ముందు వరుసలోని పెద్దలు వెనక్కి తిరిగి చూస్తారు.

బ్యాటరీ విషయంలో మొదటి రోజే తేలిపోయే మేలు ఒకటి ఉంది. కెమెరా తయారీదారుల సంఘం సీపా ప్రమాణం ప్రకారం వ్యూఫైండర్‌తో ఒక్క ఛార్జికి 2,260 ఫొటోలు. డి750కు ఇది 1,230, జెడ్6కు 310. స్నాతకం నుంచి అప్పగింతల దాకా సాగే రాత్రి పెళ్లికి ఒక్క బ్యాటరీ, జేబులో ఇంకొకటి సరిపోతాయి. తెర చూస్తూ తీసే కొద్దీ ఆ సంఖ్య వేగంగా పడిపోతుందని గుర్తుంచుకోవాలి. కొత్త కన్ను ఎంత చూస్తే అంత ఖర్చు. ఛార్జింగ్‌కు యూఎస్‌బీ-సి రావడంతో కారులో పవర్ బ్యాంకు నుంచి కూడా నింపుకోవచ్చు. కార్డుల అరలు రెండూ వేగంగా రాసే యూఎచ్‌ఎస్-2 ఎస్‌డీ రకానివే, ఒకే ఫొటోను రెండింటిలోనూ ఒకేసారి రాయించుకోవచ్చు. పెళ్లి పని చేసేవారు దీన్ని సదుపాయంగా కాక బీమాగా చూస్తారు, అది సరైన చూపు.

తీసేసిన వాటి గురించి మాత్రం పెళ్లివారి ఫొటోగ్రాఫర్లకు కోపం రావడం న్యాయమే. డి750లో పైకి లేచే చిన్న ఫ్లాష్ ఉండేది. దాన్ని ముఖాల మీద వాడేవారు తక్కువ, దూరంగా నిలబెట్టిన పెద్ద ఫ్లాష్‌లను వైర్లు లేకుండా వెలిగించేందుకు సంకేతం ఇచ్చే పరికరంగా వాడేవారు ఎక్కువ. ఆ ఫ్లాష్ లేకపోవడంతో విడిగా ట్రిగ్గర్ కొనక తప్పదు. బ్యాటరీ గ్రిప్పు తగిలించే కాంటాక్టులు కూడా అడుగున లేవు. వేదిక మీద జంటను నిలువు ఫ్రేములో వరసగా వందసార్లు తీసేవారికి, ఒక్కో కుటుంబం వచ్చి అక్షింతలు వేసి పక్కకు తప్పుకునే రెండు గంటల పాటు కుడి మణికట్టు పైకి మెలి తిప్పి ఉంచడమెలాగో నికాన్ ఇంజినీర్లు ఒకసారి మండపంలో నిలబడి చూస్తే బాగుండేది. అమెరికాలో బాడీ ఒక్కదానికే 2,299.95 డాలర్ల ధర పెట్టిన కెమెరాలో అయిదేళ్ల నాటి మోడల్‌లో ఉన్న వసతి లేకపోవడానికి సరైన సమర్థన కనిపించదు.

24.5 మెగాపిక్సెళ్లు చాలునా అన్న ప్రశ్న దుకాణాల్లో తరచుగా వినబడేదే. బొమ్మ అడ్డంగా 6,048, నిలువుగా 4,024 పిక్సెళ్లు. ఇక్కడి పెళ్లి ఆల్బమ్‌లలో వాడుకలో ఉన్న 12×36 అంగుళాల కరిజ్మా షీటు మొత్తాన్ని ఒకే ఫొటోతో నింపితే అంగుళానికి 168 పిక్సెళ్లు వస్తాయి. ల్యాబులు కోరే 300కు ఇది చాలా తక్కువే. అయినా మూడడుగుల షీటును ముక్కు ఆనించి ఎవరూ చూడరు, ఒడిలో పెట్టుకుని చూస్తారు. ఆ దూరానికి అది సరిపోతుంది. ఫ్రేము సగానికి కోసి మళ్లీ షీటంతా నింపాలనుకుంటే సరిపోదు. వీడియోకు సెన్సర్ పూర్తి వెడల్పును వాడుకునే 4కె 30 ఫ్రేములు ఉన్నాయి, ఫోకస్ నిలకడగా వెంబడిస్తుంది. బాడీలో స్టెబిలైజేషన్ (వణుకును తగ్గించే ఏర్పాటు) లేకపోవడంతో, వీఆర్ అనే అదే ఏర్పాటు తనలోనూ లేని 50 ఎంఎం లెన్సును చేత్తో పట్టుకుని తీసిన వీడియో వణుకుతుంది. ఇక్కడ జెడ్6 ముందుంది, వాదన లేదు.

విశాఖలో ఏ కెమెరాకైనా అసలు పరీక్ష తొలి రోజున కనిపించదు. అలల తుంపరలో ఎగిసిన ఉప్పు బీచ్ రోడ్డు గాలిలో ఎప్పుడూ ఉంటుంది. ఉప్పుకు ఒక గుణం ఉంది: గాలిలో తేమ 75 శాతం దాటితే అది తనంతట తానే నీటిని పీల్చుకుని ద్రవంగా మారుతుంది. ఈ ఊళ్లో చాలా ఉదయాలు ఆ హద్దును దాటే ఉంటాయి. అంటే కెమెరా మీద వాలిన ఉప్పుపొడి తుడిచేయదగ్గ దుమ్ములా ఉండదు, పల్చని ఉప్పునీటి పొరగా మారి లెన్సు మౌంటు కాంటాక్టుల్లోకీ, ఫ్లాష్ తగిలించే పట్టాలోకీ, డయళ్ల సందుల్లోకీ పాకుతుంది. ఆ దృష్టితో చూస్తే పైకి లేచే ఫ్లాష్ లేకపోవడం వల్ల బాడీ పైభాగాన ఒక కీలు, ఒక సందు తగ్గాయి. నష్టంగా కనిపించినది ఈ ఊళ్లో కొంతవరకు లాభం కూడా. దుమ్ము, చినుకులు లోనికి పోకుండా నికాన్ రబ్బరు సీళ్లు పెట్టింది. అలాగని చినుకులను ఆపే సీలు నీటిలో మునగడాన్ని ఆపుతుందనుకోకూడదు. సీళ్లు ఎంత బాగున్నా, బీచ్ నుంచి వచ్చాక మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో మరోసారి తుడవడానికి ప్రత్యామ్నాయం లేదు. పొడిగుడ్డతో మాత్రమే తుడిస్తే ఉప్పు రుద్దుకుంటుందే గానీ పోదు.

రెండో శత్రువు ఏసీ గది. హోటల్ గదిలో 22 డిగ్రీల చల్లదనంలో రాత్రంతా ఉన్న కెమెరాను పట్టుకుని సూర్యోదయానికి బయటకు పరుగెత్తితే, 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గాలి ఆ చల్లని గాజును తాకుతుంది. అలాంటి గాలి సుమారు 25 డిగ్రీలకు చల్లబడగానే నీటిని వదలడం మొదలుపెడుతుంది కాబట్టి లెన్సు ముందు గాజూ, వ్యూఫైండర్ కిటికీ రెండూ ఒకేసారి మసకబారతాయి. తుడిచిన కొద్దీ మళ్లీ కమ్ముకుంటుంది. ఆ స్థితిలో లెన్సు మార్చడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఆ తేమ నేరుగా అద్దం గదిలోకి పోతుంది. సంచీ జిప్పు తీయకుండా అరగంట ముందే బాల్కనీలో పెట్టడం దీనికి తెలిసిన ఉపాయం. ఇంట్లో నిల్వకు 40 నుంచి 50 శాతం తేమ దగ్గర ఉంచే డ్రై క్యాబినెట్ ఉత్తమం. అంత ఖర్చు వద్దనుకుంటే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, లోపల పెట్టే చిన్న తేమ మీటరు చాలు. తోలు సంచీలో, బీరువా బట్టల మధ్య పెట్టిన లెన్సుకు ఒక్క వర్షాకాలంలోనే సాలెగూడు లాంటి ఫంగస్ పట్టడం తీరప్రాంతంలో మామూలే.

తొలి చూపులో తేలని సంగతులు యంత్రం లోపల కూడా ఉంటాయి. డి750 వచ్చిన కొత్తలో అందరూ మెచ్చుకున్నారు. కొద్ది నెలలకే, బలమైన దీపం ఫ్రేము అంచుకు ఎగువన ఉన్నప్పుడు బొమ్మలో వింతగా ఒక చీకటి పట్టీ వస్తోందని బయటపడింది. 2015లో షట్టర్ లోపం కూడా వెల్లడి కావడంతో నికాన్ రెండింటికీ ఉచితంగా మరమ్మతు చేయాల్సి వచ్చింది. డి780లోనూ అలాంటిదేదో ఉంటుందని దీని అర్థం కాదు. కొత్త మోడల్‌ను తొలి వారంలోనే తెచ్చుకునేవారు బిల్లునూ, వారంటీ కార్డునూ, సీరియల్ నంబరునూ భద్రంగా ఉంచుకోవడానికి ఇది తగినంత కారణం.

ఈ కెమెరా ఎవరికి పనికొస్తుందన్నది వారి దగ్గర ఇప్పటికే ఉన్న లెన్సులు తేలుస్తాయి. 1959 నుంచి నికాన్ మార్చకుండా నడుపుతున్న ఎఫ్ మౌంటే (లెన్సు బిగించే పట్టు) దీనికీ ఉంది, పైగా తమలో ఫోకస్ మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులను తిప్పే మోటారు బాడీలోనే ఉంది. జెడ్6కు పాత లెన్సులను కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలించినా ఆ లెన్సులు చేత్తో తిప్పుకోవాల్సిందే. తండ్రి నడిపిన స్టూడియోను కొడుకు నడుపుతున్న చోట్ల బీరువాలో కనిపించే 85 ఎంఎం, 80-200 ఎంఎం లెన్సులు ఎక్కువగా ఈ రకానివే, వాటి గాజు ఇప్పటికీ పనికిమాలినదేమీ కాదు. జెడ్6 కొని వాటిని అమ్మేయడం కన్నా డి780 కొని వాటిని ఉంచుకోవడం చాలా స్టూడియోలకు లాభసాటి. నికాన్ బరువంతా ఇప్పుడు అద్దం లేని జెడ్ వరుస వైపే మొగ్గుతోందన్నది నిజం. కొత్తగా మొదటి లెన్సు నుంచీ కొనుక్కునే కుర్రవాడికి డి780ని సిఫారసు చేయడం కష్టం కూడా అందుకే. డి750తో నెగ్గుకొస్తున్నవారికి తెర మీద ఫోకస్ ఒక్కటే మారడానికి సరిపడా కారణం అవుతుందా అన్నది వారు వారానికి ఎన్నిసార్లు కెమెరాను తల మీదికి ఎత్తుతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మెనూలో అంతగా ఎవరూ తొంగిచూడని మూల నెగెటివ్ డిజిటైజర్ అనే ఏర్పాటు ఉంది. మాక్రో లెన్సు ముందు ఫిల్ము పట్టుకునే అడాప్టర్ తగిలించి, వెనుక నుంచి వెలుగు ఇస్తే, నారింజ రంగు నెగెటివ్‌ను తిప్పి నేరుగా పాజిటివ్ బొమ్మగా తెర మీద చూపిస్తుంది. ఇది పూర్తిగా లైవ్ వ్యూలోనే జరిగే పని. ఉప్పుగాలిలో, తేమలో, స్టూడియో అటకల మీద ప్లాస్టిక్ తొడుగులకు అతుక్కుపోతున్న పాత పెళ్లిళ్ల నెగెటివ్‌లు విశాఖలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిలో ఫంగస్ పూర్తిగా తినేయనివాటిని ఈ వేసవి లోపలే బయటకు తీసి ఆరబెట్టుకోవచ్చు, వానలు మొదలైతే అంటుకున్న తొడుగులు విడదీయడం ఇంకా కష్టమవుతుంది.